వెర్మాంట్‌కి మారదామంటే ఇల్లే దొరకట్లేదు, అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి

ఎడిసన్_పక్షి | 2025 ఫిబ్రవరి 9, రాత్రి 11:20

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, తప్పులుంటే సర్దుకోండి. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. ఆఫీసు మన్‌హాటన్‌లో. కోవిడ్ నుంచీ నాది ఇంటి నుంచే పని. పోయిన నెల మేనేజర్ "అమెరికాలో ఎక్కడున్నా నాకు అభ్యంతరం లేదు" అని మెయిల్‌లోనే రాసిచ్చాడు. అక్టోబరులో ఆకుల రంగులు చూద్దామని వెర్మాంట్ రాష్ట్రం వెళ్లి మూడు రోజులు ఉన్నాం. తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఎడిసన్ బోర్డు కనబడగానే మాత్రం "మనం ఇక్కడ ఎందుకుంటున్నాం అసలు?" అంది. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో ఇదే గోల.

దానికి తోడు యూట్యూబ్‌లో ఎవరో "వెర్మాంట్ వస్తే 10,000 డాలర్లు చేతిలో పెడతారు" అని వీడియో చేశాడు. ఇంకేముంది, ఎక్సెల్ షీట్ తెరిచాను.

ఏడు వారాలైంది. 31 ఇళ్లకి మెయిల్ పెడితే ఐదుగురు జవాబిచ్చారు. రెండు అప్పటికే వెళ్లిపోయాయి. ఒకటి సెప్టెంబరు నుంచి మే వరకే ఇస్తారట, వేసవిలో మాత్రం ఖాళీ చేయాలట (ఆ మూడు నెలలు సామాను నెత్తిన పెట్టుకుని తిరగాలి కాబోలు). ఒకడు ఇల్లు చూడకుండానే డిపాజిట్ పంపమన్నాడు, దొంగని అర్థమై వదిలేశాను. ఆఖరిదానికి ఆర్నెల్ల అద్దె ముందే కడతానన్నా, అయినా ఇంకెవరికో ఇచ్చారు.

రెండు పడగ్గదులు, మంచి ఇంటర్నెట్, పాపకి బడి. ఇంతే అడుగుతున్నాను. ఎక్కడ తప్పు చేస్తున్నాను? ఆ పదివేలు నిజమేనా?

మొండిఘటం | ఫిబ్రవరి 9, రాత్రి 11:41

బ్రో, డాలస్ రా. అక్కడ ఇళ్లు మనల్ని వెతుక్కుంటూ వస్తాయి. వెర్మాంట్‌లో ఏముంది, ఆవులు, మంచు.

బర్లింగ్టన్_బాబాయ్ | ఫిబ్రవరి 10, ఉదయం 6:15

ఎడిసన్ తమ్ముడూ, ముందు ఆ పదివేల సంగతి తేల్చేద్దాం. నేనిక్కడికి వచ్చి పదకొండేళ్లు, ఎసెక్స్ జంక్షన్ చిప్ ప్లాంట్‌లో పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయాను. కాబట్టి ఆ కథ మొదటినుంచీ చూశాను.

2018 మే నెలలో గవర్నర్ ఫిల్ స్కాట్ ఆ చట్టం మీద సంతకం పెట్టాడు, 2019 జనవరి నుంచి అమలు. వేరే రాష్ట్రంలో ఉన్న కంపెనీకి పనిచేస్తూ ఇక్కడికొచ్చి ఉండేవాళ్లకి రెండేళ్లలో 10,000 దాకా, అంటే ఏడాదికి 5,000 మించకుండా. అదీ చేతిలో పెట్టేది కాదు. ముందు నువ్వు మారాలి, సామాను లారీకో కంప్యూటర్‌కో ఇంటర్నెట్‌కో ఖర్చుపెట్టాలి, రసీదులు చూపిస్తే తిరిగిచ్చేవాళ్లు. మూడేళ్లకి కలిపి మొత్తం నిధి 5 లక్షల డాలర్లు. లెక్కేసుకో, ఎంతమందికి వస్తుంది? మన పెళ్లిలో జీడిపప్పు ఉప్మాలాంటిది, వాసన ఊరంతా వచ్చింది, అందింది మొదటి పంక్తికే. ఆ డబ్బు 2020 మొదట్లోనే అయిపోయింది. యూట్యూబువాళ్లు మాత్రం ఇంకా వడ్డిస్తూనే ఉన్నారు. రాష్ట్ర ఆడిటర్ డగ్ హాఫర్ కూడా అప్పట్లోనే పట్టుకున్నాడు, ఈ డబ్బు ఇవ్వకపోయినా వీళ్లు వచ్చేవాళ్లేమో, దాని వల్లే వచ్చారని రుజువేదీ అని.

ఎందుకు పిలిచారంటే ఇక్కడ మనుషులు తక్కువ, ఉన్నవాళ్లకి వయసు మీద పడుతోంది. 2020 లెక్కల్లో రాష్ట్రం మొత్తం జనాభా 6,43,077. విజయవాడ ఒక్కటీ ఇంతకంటే పెద్దది. రాజధాని మాంట్‌పెలియర్‌లో ఉండేది ఎనిమిది వేల మంది, మన దగ్గర పెద్ద పంచాయతీ అంత. పిల్లలు లేక బళ్లు మూతపడుతున్నాయి, పన్ను కట్టేవాళ్లు తగ్గుతున్నారు. సరే, రమ్మన్నారు. వచ్చినవాళ్లు ఎక్కడ పడుకోవాలో ఆలోచించలేదు. ఆ తర్వాత కోవిడ్ వచ్చింది, పదివేలు ఇవ్వకుండానే బోస్టన్, న్యూయార్క్ జనం దిగిపోయారు.

ఇల్లు ఎందుకు దొరకదో సాయంత్రం రాస్తాను, డ్యూటీకి టైమైంది.

నాషువా_అక్క | ఫిబ్రవరి 10, ఉదయం 9:02

పక్కనే న్యూ హాంప్‌షైర్ ఉంది కదా, ఇటు ఎందుకు చూడరు? జీతం మీద రాష్ట్రం పన్ను లేదు, మా నాషువాలో మన షాపులున్నాయి, గంటలో బోస్టన్. ఇక్కడా ఇళ్లు చౌకేం కాదు గానీ దొరుకుతాయి.

ఎడిసన్_పక్షి | ఫిబ్రవరి 10, ఉదయం 10:30

అక్కా, నాషువా చూశాం. మా ఆవిడ మాట: "ఎడిసన్ నుంచి ఎడిసన్‌కి మారడానికి లారీ ఎందుకు?"

క్యాష్‌ఫ్లో_రాజా | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:15

అద్దెకెందుకు బ్రదర్, కొను. నేను 2020 వేసవిలో కిల్లింగ్టన్ దగ్గర రెండు పడగ్గదుల కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) కొన్నాను, స్కీ సీజన్లో వారాంతాలు ఖాళీ ఉండదు, అక్టోబరులో ఆకులకి వచ్చేవాళ్లు ఎంతంటే అంత ఇస్తారు. ఈఎంఐ అదే కట్టుకుంటుంది. నేను సంవత్సరానికి వెళ్లేది పది రోజులు. ఇప్పుడు పైనుంచి దెబ్బేశారనుకో, 2024 ఆగస్టు నుంచి గదుల పన్ను 9 శాతం మీద ఇంకో 3 శాతం ఇలాంటి అద్దెలకే, ఏడాదంతా ఉండగలిగే ఇల్లు రెండో ఇల్లుగా కొంటే రిజిస్ట్రేషన్ పన్ను 3.4 శాతం చేశారు. అయినా లాభమే.

గోంగూర_జాడీ | ఫిబ్రవరి 10, రాత్రి 9:48

రాజా గారూ, పది రోజులు మీరు, మిగతా రోజులు టూరిస్టులు. ఆ ఇంట్లో ఏడాదంతా ఉండాల్సిన మనిషి ఎక్కడుందో నేను చెబుతాను.

నేను ఇక్కడ ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో డాక్టర్ని. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసి, డాక్టర్లు లేని చోట మూడేళ్లు చేస్తానని ఒప్పుకుని వచ్చాను, నా మూడేళ్లు ఎప్పుడో అయిపోయాయి, ఉండిపోయాను. రెండేళ్ల కింద మా వార్డుకి ఒక నర్స్‌ని తీసుకున్నాం, ఒహాయో నుంచి. ఆఫర్ ఏప్రిల్‌లో ఇచ్చాం. ఆ అమ్మాయి జూన్‌లో క్యాంపర్ బండి వేసుకుని వచ్చింది, ఇల్లు దొరికేదాకా అని. ఆసుపత్రి వెనక పార్కింగ్‌లో పెట్టుకోనిచ్చారు. రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే కిటికీలకి అల్యూమినియం రేకు అంటించుకుని పడుకునేది, వెలుతురు పడకుండా. జూలై, ఆగస్టు, సెప్టెంబరు. నేనూ ఇల్లిల్లూ అడిగాను. ఒక ఇల్లు ఖరారైంది కూడా, బ్యాగులు సర్దుకుంది, మర్నాడు ఇంటాయన ఫోన్ చేసి "సారీ, బోస్టన్ నుంచి ఒక కుర్రాడు ఏడాది అద్దె ముందే కడతానన్నాడు" అన్నాడు. కంప్యూటర్ పని, ఇంటి నుంచే. నవంబరు మొదటివారంలో బండిలో నీళ్ల పైపు గడ్డకట్టి పగిలింది. ఆ వారమే వెళ్లిపోయింది. ఆ చలికాలం మా వార్డులో నాలుగు పడకలు ఖాళీగా ఉంచాం, రోగులు లేక కాదు.

ఎడిసన్ గారూ, మిమ్మల్ని అనట్లేదు, కానీ "ఆర్నెల్ల అద్దె ముందే ఇస్తానన్నా" అని మీరు రాసింది చదవగానే నాకు ఆ క్యాంపరే గుర్తొచ్చింది.

క్యాష్‌ఫ్లో_రాజా | ఫిబ్రవరి 10, రాత్రి 10:20

డాక్టర్ గారూ, బాధగానే ఉంది, కానీ తప్పంతా మామీదేనా? నాది స్కీ కొండ మొదట్లో ఉన్న కాండో, మీ నర్స్ అక్కడికొచ్చి ఉండదు. ఇళ్లు కట్టనివ్వనిది నేను కాదు. పది ఇళ్లు కట్టాలంటే పర్మిషన్లకే ఏళ్లు పట్టే రాష్ట్రం అది. ముందు వాళ్లని అడగండి.

బర్లింగ్టన్_బాబాయ్ | ఫిబ్రవరి 10, రాత్రి 11:05

రాజా చెప్పిన రెండో ముక్క నిజం. మొదటిది సగమే నిజం. కాండో కాకపోతే ఊరి మధ్య ఇల్లు, దాన్నీ అలాగే కొన్నవాళ్లు వీధికిద్దరున్నారు.

ఇల్లు దొరకకపోవడానికి ఒక్క కారణం లేదు, తమ్ముడూ. 1970లో యాక్ట్ 250 అని భూమి వాడకం చట్టం తెచ్చారు. అప్పట్లో కొత్త హైవేలు పడి, కొండలన్నీ స్కీ కాలనీలు అయిపోతున్నాయన్న భయంతో. ఆ చట్టం లేకపోతే మీ ఆవిడ కారులో మాట్లాడకుండా కూర్చునేంత అందం ఇవాళ మిగిలేది కాదు, అది ఒప్పుకోవాలి. ఇక్కడ రోడ్ల పక్కన ప్రకటన హోర్డింగులు కూడా ఉండవు, 1968లోనే వద్దని చట్టం చేశారు. కానీ ఒకే బిల్డర్ ఐదు మైళ్ల లోపల, ఐదేళ్లలో పది ఇళ్లు కడితే చాలు, ఆ చట్టం కిందికి వచ్చేది. అందుకని ఏం చేశారు? తొమ్మిది కట్టి ఆపేశారు.

రెండోది, దీని గురించి ఎవరూ మాట్లాడరు, మురుగు. చాలా ఊళ్లకి మురుగు కాలువ లేదు, ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్లదే. ఇంటికి ఎన్ని పడగ్గదులుండాలో నీ డబ్బు నిర్ణయించదు, నీ పెరట్లో నేల ఎన్ని నీళ్లు ఇంకించుకుంటుందో అది నిర్ణయిస్తుంది. పర్మిట్‌లో రాసుంటుంది, మూడు పడగ్గదులు అని. నాలుగో గదిలో మంచం వేస్తే అది "ఆఫీసు రూము". నవ్వకు, మా ఇంట్లో అదే.

మూడోది తాళాలేసిన ఇళ్లు. సెలవుల ఇళ్ల వాటాలో దేశంలో మెయిన్ తర్వాత మనమే. నాలుగోది వరదలు: 2023 జూలై 10, 11 తారీకుల్లో మాంట్‌పెలియర్ బజారంతా మునిగింది, సరిగ్గా ఏడాదికి 2024 జూలైలో మళ్లీ వచ్చాయి. ఏటి ఒడ్డున ఉండేవే తక్కువ అద్దె ఇళ్లు, పోయినవీ అవే. కొన్నిటిని ప్రభుత్వమే కొని కూల్చేస్తోంది, మళ్లీ అక్కడ కట్టకూడదని.

2025 నుంచి 2029 లోపు 24,000 నుంచి 36,000 ఇళ్లు కావాలని రాష్ట్రం లెక్కలే చెబుతున్నాయి. 2023లో కొత్త చట్టం చేశారు, ఒక ఇల్లు కట్టుకోగలిగిన చోట రెండు వాటాల ఇల్లు కూడా కట్టుకోవచ్చని. మంచిదే. కట్టే మేస్త్రీలేరీ? వాళ్లకీ ఉండటానికి ఇల్లు దొరకట్లేదు.

కోనసీమ_కుర్రాడు | ఫిబ్రవరి 11, ఉదయం 7:30

ఇది చదువుతుంటే విచిత్రంగా ఉంది. కోవిడ్లో నేను హైదరాబాద్ ఆఫీసు పని మా ఊరి నుంచి రెండేళ్లు చేశాను, అమలాపురం దగ్గర. మా వీధిలో పదహారు ఇళ్లుంటే ఏడింటికి తాళాలు, పిల్లలు మీ అమెరికాలోనే. ఒక్కో ఇంటికి ఒక వాచ్‌మన్, ఒక కొబ్బరి తోట, సంక్రాంతికి తీసే గేటు. అద్దెకి ఇవ్వమంటే "మా నాన్నగారి ఇల్లండీ, అద్దెకెలా ఇస్తాం" అంటారు. మా స్కూలుకి కొత్తగా వచ్చిన టీచరమ్మ రోజూ రాజమండ్రి నుంచి బస్సులో వచ్చేది.

గోంగూర_జాడీ | ఫిబ్రవరి 11, ఉదయం 8:10

అదే మాట ఇక్కడా వింటాను తమ్ముడూ. "తాతగారి క్యాంప్ అండీ, అద్దెకివ్వం." క్యాంప్ అంటే చెరువుగట్టున వేసవి ఇల్లు.

వీసా_పంతులు | ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 12:40

ఇల్లూ వాకిలీ తర్వాత, పక్షి గారూ మీరు హెచ్-1బి లోనా గ్రీన్ కార్డా? రాయలేదు. హెచ్-1బి అయితే మేనేజర్ మెయిల్ చూసి లారీ మాట్లాడకండి, ఆయనకి తెలిసింది తక్కువ.

మీ పని చోటు అంటే ఇప్పుడు మీ ఇల్లే. ఎడిసన్ నుంచి వెర్మాంట్ అంటే రోజూ వెళ్లొచ్చే దూరం కాదు కాబట్టి, కంపెనీ కార్మిక శాఖ నుంచి కొత్త ఎల్‌సీఏ (ఏ ఊళ్లో ఎంత జీతానికి పనో చూపే కాగితం) తీసుకుని, హెచ్-1బి అమెండ్‌మెంట్ (మార్పు దరఖాస్తు) మీరు మారకముందే ఫైల్ చేయాలి. 2015లో వచ్చిన తీర్పు తర్వాత ఇందులో సందేహం లేదు. అప్రూవల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఫైల్ అయితే చాలు. ఎల్‌సీఏ నోటీసు పనిచోట రెండు చోట్ల పది రోజులు అంటించాలి, ఇల్లే ఆఫీసు కాబట్టి ఫ్రిజ్ మీద ఒకటి, తలుపు వెనక ఒకటి అంటించి ఫొటో తీసి పంపినవాళ్లు నాకు తెలుసు. పెర్మ్ (గ్రీన్ కార్డుకి మొదటి మెట్టు) ఏ ఊరి పేరు మీద ఫైల్ అయిందో కూడా లాయర్‌ని అడగండి, ఊరు మారితే అది మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు.

ఇంకొకటి, లేఆఫ్ అయితే 60 రోజులు. ఎడిసన్లో ఉంటే చుట్టూ వంద కంపెనీలు. అక్కడ? రిమోట్ ఉద్యోగమే మళ్లీ దొరకాలి. ఏడాది లీజు మెడకి ఉంటుంది.

ట్యాక్స్: న్యూయార్క్ కంపెనీ కాబట్టి మీరెక్కడ కూర్చుని చేసినా, అది మీ సౌకర్యం కోసమే అని న్యూయార్క్ తన పన్ను తీసుకుంటుంది. న్యూజెర్సీలో మీకిది అలవాటే. వెర్మాంట్‌లో కూడా రిటర్న్ వేసి, న్యూయార్క్‌కి కట్టింది అందులో క్రెడిట్ తీసుకోవాలి.

ఎడిసన్_పక్షి | ఫిబ్రవరి 11, రాత్రి 10:55

పంతులు గారూ, హెచ్-1బి నే, ఐ-140 (గ్రీన్ కార్డుకి రెండో మెట్టు) అయింది. మీరు రాసింది చదివి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను, వాళ్లు "మేనేజర్ ఎందుకు ఒప్పుకున్నాడు?" అని అడుగుతున్నారు. టెన్షన్ మొదలైంది.

డాక్టర్ గారూ, మీ మాట నిన్నటి నుంచీ తలలో తిరుగుతోంది. కోపం కూడా వచ్చింది, నిజం చెబుతున్నా. నేను కూడా అద్దె ఇల్లు వెతుక్కునేవాణ్నే కదా, నేనేం దొరని కాదు కదా అనిపించింది. తర్వాత మా ఆవిడకి చదివి వినిపించాను. "మన దగ్గర డబ్బుంది కాబట్టి ముందే ఇస్తానన్నాం, లేనిదాని దగ్గర నుంచే కదా లాక్కునేది" అంది. ఇక ఏమంటాను.

బురద_బండి | ఫిబ్రవరి 12, ఉదయం 5:50

నేను 2021లో వూస్టర్ నుంచి మారాను, నాదీ కంప్యూటర్ పనే. ఆరు ఇళ్లకి ఆఫర్ పెట్టి ఓడిపోయాను, అన్నీ క్యాష్, ఇన్‌స్పెక్షన్ కూడా అడగనివాళ్లు. ఏడోది వచ్చింది, ఎందుకు వచ్చిందో తర్వాత తెలిసింది, పైకప్పు. అందుకని ఇల్లు దొరికాక ఏముంటుందో నేను చెబుతాను, అక్టోబరు ఫొటోల్లో అవి ఉండవు.

ఈ రాష్ట్రంలో సగానికి పైగా రోడ్లు మట్టి రోడ్లే. చలికాలం గడ్డకట్టి సిమెంటులా ఉంటాయి, బాగుంటాయి. మార్చి, ఏప్రిల్‌లో పైన కరిగి కింద గడ్డగానే ఉంటుంది, నీళ్లు కిందికి ఇంకవు, రోడ్డు గోదారి వరద తగ్గాక లంకలో ఉండే ఒండ్రులా అయిపోతుంది. దీన్ని మడ్ సీజన్ అంటారు, ఐదో రుతువు. మొదటి ఏడాది నాకు తెలియక మెల్లిగా జాగ్రత్తగా నడిపాను, మెల్లిగా పోతేనే దిగబడతాం. ఆక్సిల్ దాకా దిగింది. పక్కింటి ముసలాయన ట్రాక్టర్ తెచ్చి గొలుసు కట్టి లాగాడు. లాగుతూ అడిగిన మొదటి ప్రశ్న "ఎక్కణ్నుంచి?" అని. మసాచుసెట్స్ అన్నాను. "అనుకున్నాను" అన్నాడు. బయటి నుంచి వచ్చినవాళ్లని ఇక్కడ ఫ్లాట్‌లాండర్ అంటారు, అంటే చదును నేలవాడు. ఇండియా నుంచి వచ్చినా ఫ్లాట్‌లాండరే, న్యూజెర్సీ నుంచి వచ్చినా అంతే, ఆ విషయంలో వివక్ష లేదు.

హీటింగ్ ఆయిల్. బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల ట్యాంకు ఉంటుంది, లారీ వచ్చి నింపిపోతుంది. మా ఇల్లు 1890ల నాటిది, గోడల్లో అప్పటి రంపపు పొట్టు, మొదటి చలికాలం మూడుసార్లు నింపించాను, బిల్లు చూసి మా ఆవిడ దుప్పటి కప్పుకుని వంట చేసింది. లీజు రాసుకునేటప్పుడు ఆయిల్ ఎవరు కడతారు, ఇంట్లోకి వచ్చే రోజుకి ట్యాంకు ఎంత ఉంది, ఈ రెండూ రాయించుకోండి. దిగే రోజున ఎంత ఉందో అదే ఉంచి వెళ్లాలి.

ఇంటర్నెట్ "అందుబాటులో ఉంది" అన్న మాట నమ్మొద్దు, ఆ ఇంటి నంబరుతో అడగండి. మధ్య వెర్మాంట్‌లో ఈసీఫైబర్ ఉంది, 2008 నుంచి ఊళ్లన్నీ కలిసి తమకు తామే పెట్టుకున్న ఫైబర్. నాదదే. మా ఇంటి పైకప్పు కారుతుంది గానీ వీడియో కాల్ ఆగదు.

మొండిఘటం | ఫిబ్రవరి 12, ఉదయం 8:00

ఇంత చదివాక కూడా వెళ్తానంటే మొక్కుకుని వెళ్లు బ్రో. గుడి ఉందా అక్కడ కనీసం?

బర్లింగ్టన్_బాబాయ్ | ఫిబ్రవరి 12, సాయంత్రం 7:20

వెంకన్న దర్శనానికి మేం మసాచుసెట్స్ యాష్‌ల్యాండ్ లక్ష్మీ గుడికి వెళ్తాం, మూడున్నర గంటలు. మాంట్రియల్ ఇంకా దగ్గర, కానీ హెచ్-1బి వాళ్లకి కెనడా వీసా కావాలి. సరుకులకి ఇబ్బంది లేదు. 2008 నుంచి భూటాన్ నేపాలీ కుటుంబాలు బర్లింగ్టన్, వినూస్కీలో స్థిరపడ్డాయి, వాళ్ల కొట్లలో పప్పులు, పచ్చిమిర్చి, కరివేపాకు దొరుకుతాయి. గోంగూర మాత్రం డాక్టరమ్మ జాడీలోనే.

క్యాష్‌ఫ్లో_రాజా | ఫిబ్రవరి 12, రాత్రి 8:45

ఇంత కష్టపడి ఆ పల్లెటూళ్లో ఉండేకంటే నా కాండోకి వారాంతం రండి, ఇక్కడి సభ్యులకి డిస్కౌంట్.

వేదిక_నిర్వాహకుడు | ఫిబ్రవరి 12, రాత్రి 9:00

రాజా గారూ, వ్యాపార ప్రకటనలు ఇక్కడ వద్దు. ఇది రెండోసారి.

ఎడిసన్_పక్షి | మార్చి 9, రాత్రి 10:10

నెల తర్వాత వచ్చాను. హెచ్‌ఆర్, లాయర్ కలిసి మూడు వారాలు తిప్పారు, చివరికి అమెండ్‌మెంట్ ఫైల్ చేస్తామన్నారు, పెర్మ్‌కి ఇబ్బంది లేదన్నారు. పంతులు గారికి దండం.

ఈసారి నెట్‌లో వెతకడం మానేసి స్వయంగా వెళ్లాను, ఒక్కణ్నే, నాలుగు రోజులు, రాండాల్ఫ్ చుట్టుపక్కల. బురద గారు చెప్పిన ఫైబర్ ఉన్న ప్రాంతం కాబట్టి. మార్చి మొదటి మంగళవారం టౌన్ మీటింగ్ రోజని నాకు తెలియదు, నేను బస చేసిన చోటి ఆవిడ "పనిలేకపోతే రా, భోజనం పెడతారు" అని తీసుకెళ్లింది. బడి జిమ్‌లో మడత కుర్చీలు, ఊరంతా కూర్చుని రోడ్డు గ్రేడర్ (మట్టి రోడ్లు చదును చేసే బండి) కొనాలా వద్దా అని గంటన్నర వాదించుకున్నారు. మన గ్రామసభ కాగితం మీద ఎలా ఉండాలో అలా ఉంది. ఓటు లేనివాళ్లని పక్కన వేరే కుర్చీల్లో కూర్చోబెట్టారు, నేనూ, ఒక కుక్కా.

ఇల్లు గురించి చర్చ వచ్చింది. ఒకాయన లేచి, మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఇక్కడి అగ్నిమాపక దళంలో ఉన్నాడు, నలభై నిమిషాల అవతల ఉంటున్నాడు, మంట అంటుకుంటే వచ్చేసరికి బూడిదే అన్నాడు. నా వైపు ఎవరూ చూడలేదు. కానీ నాకు చెమట పట్టింది.

భోజనాల దగ్గర నన్ను తీసుకెళ్లినావిడ అడిగింది, ఎంత అద్దె ఇవ్వగలవు అని. నేను ఎడిసన్‌లో కట్టేది చెప్పబోయి ఆగి, "ఇక్కడివాళ్లు ఎంత కడతారు?" అన్నాను. ఆవిడ గ్యారేజీ మీద ఒక వాటా ఉంది, నేను దిగింది అందులోనే. వాళ్ల అత్తగారి కోసం కట్టారట, ఆవిడ పోయాక టూరిస్టులకి ఇస్తోంది. "దుప్పట్లు ఉతికి ఉతికి విసుగొచ్చింది, 71 ఏళ్లొచ్చాయి నాకు" అంది. ఇంకా ఏమీ తేలలేదు.

గోంగూర_జాడీ | మార్చి 10, ఉదయం 6:40

టూరిస్టుల నుంచి వెనక్కొచ్చే ఇల్లయితే ఎవరి నోటి దగ్గరిదీ కాదు. తీసుకోండి. మీ ఆవిడ ఏం పని చేస్తారో రాయలేదు మీరు.

ఎడిసన్_పక్షి | మార్చి 10, ఉదయం 9:15

ఇండియాలో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ అండీ. ఇక్కడ హెచ్-4 (నా వీసా మీద వచ్చే భార్య వీసా) మీద ఏడేళ్లుగా ఖాళీ. ఐ-140 అయింది కాబట్టి ఈఏడీ (పని చేసుకునే అనుమతి) పెట్టుకోవచ్చు, కానీ ఇప్పటిదాకా పెట్టలేదు.

గోంగూర_జాడీ | మార్చి 10, ఉదయం 9:17

ఇవాళే పెట్టించండి. మా ల్యాబ్‌లో రాత్రిపూట మనిషి లేడు. మీ వైపు ఆసుపత్రుల్లోనూ అదే కథ అయి ఉంటుంది. ఇక్కడి పరీక్ష ఒకటి రాయాలి, పుస్తకాలు నా దగ్గరున్నాయి, పంపిస్తాను.

బురద_బండి | మార్చి 10, సాయంత్రం 6:30

గ్యారేజీ మీద వాటా అంటే కింది నుంచి చలి వస్తుంది, నేల ఇన్సులేషన్ చూసుకోండి. మెట్లు బయటా లోపలా? బయటైతే మంచు ఎవరు తీస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఎడిసన్_పక్షి | మే 18, రాత్రి 11:30

లీజు అయింది, జూలై 1 నుంచి. రెండు చిన్న గదులు, ఎడిసన్‌లో కట్టేదానికంటే కొంచెం తక్కువే, ఆవిడ అడిగినంతే ఇచ్చాం. మెట్లు బయటే, బురద గారూ. మంచు తీసేది నేను, ఆవిడ వాకిలి కూడా నేనే, అందుకు అద్దెలో కొంత తగ్గించింది. ఆవిడకి మొబైల్ మెసేజ్ నచ్చదు, లీజు పోస్టులో వచ్చింది, చేత్తో రాసి.

పాప బడిలో ఒకటో తరగతికి తనతో కలిపి తొమ్మిది మంది. వాళ్ల టీచర్ ఫోన్ చేసి పాప పేరు ఎలా పలకాలో నాలుగుసార్లు చెప్పించుకుని రాసుకుంది.

మా ఆవిడ ఈఏడీ రాలేదు ఇంకా. పుస్తకాలు వచ్చాయి, డాక్టర్ గారూ, వాటితో పాటు వచ్చిన జాడీ కూడా పగలకుండా వచ్చింది.

ఆయిల్ ట్యాంకు లీజులో రాయించాను: ముప్పావు. ఆవిడ నన్ను కిందికి తీసుకెళ్లి టార్చి వేసి ముల్లు చూపించింది, "ఎవరు నేర్పారు నీకు ఇది?" అని అడిగింది.